మందుకు ముందు పురుగు పేరు



ఆరుద్ర కార్తె రాగానే, నాలుగు చినుకులు పడిన మట్టి మీద ఎర్రని మఖమలు ముక్కల వలె పాకే పురుగులను మీరందరూ చూసే ఉంటారు. ఆరుద్ర పురుగులంటాము. చిన్నతనంలో వాటిని అగ్గిపెట్టెలో వేసుకుని ఆడుకున్నవాళ్లమే మనమంతా. అవి కనిపించినవంటే వానలు కుదురుకున్నవని పెద్దలు సంతోషించేవారు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చూస్తున్న ఆ పురుగును గురించి ఒక్క ప్రశ్న అడుగుతాను. దానికి కాళ్లు ఎన్ని?

ఎనిమిది. కీటకమన్న దానికి కాళ్లు ఆరే. ఎనిమిది ఉన్నదంటే అది కీటకం కాదు. సాలీడు, తేలు, నల్లి, వీటి కుటుంబానికి చెందినది. ఆరుద్ర పురుగు నల్లి జాతిది. మిరప లేతాకు అడుగున చేరి రసం పీల్చే తెల్లనల్లికి ఇది దూరపు చుట్టం. చుట్టమే గాని గుణం వేరు. అది పంటను పీల్చుకుంటుంది. ఇది నేలలోని చిన్న పురుగులను, వాటి గుడ్లను తిని మనకు మేలు చేస్తుంది. ఒకే ఇంటి పేరు గలవారిలో దొరా ఉండవచ్చును, దొంగా ఉండవచ్చును. పురుగుల సంగతి కూడ అంతే.

ఈ రోజు నేను మీతో ముచ్చటించదలచిన విషయం ఇదే. పురుగును గుర్తుపట్టడం ఎట్లా? అందుకు మన జేబులోని సెల్‌ఫోను కెమేరా ఎంతవరకు పనికి వస్తుంది? ఎక్కడ మోసం చేస్తుంది?

మునుపు చేనులో కొత్త తెగులు కనిపిస్తే రైతు ఏం చేసేవాడు? ఒక కొమ్మ విరిచి, రుమాలులో చుట్టి, బస్సెక్కి పట్నంలో మందుల దుకాణానికి పోయేవాడు. కొమ్మ అక్కడికి చేరేసరికి వాడిపోయేది. పురుగు దారిలోనే ఎగిరిపోయేది. వాడిన ఆకును చూచి దుకాణంవాడు ఏది చెబితే అదే మందు. ఇప్పుడు ఆ బాధ లేదు. చేనిగట్టు మీద నిలబడి ఫొటో తీసి పంపితే నిమిషంలో నా చేతిలో ఉంటుంది. ఇది గొప్ప సౌకర్యమే. కాని వాడిన కొమ్మ చేసిన మోసమే మసక ఫొటో కూడ చేస్తుంది. ఈ మాట పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా చేతులు కాలిన తరువాత చెబుతున్నాను.

నేను డిప్లొమా ముగించి విస్తరణ అధికారిగా చేరిన తొలి ఏళ్ల సంగతి. నర్సంపేట వైపున ఒక మిరప రైతు, నాకు తండ్రి వయసువాడు, ఒక సాయంకాలం ఫొటో పంపించాడు. అరచేతిలో రెండు ఆకులు. ముడుచుకుని ఉన్నవి. ఫొటో కదిలి మసకబారింది. నేను ఆ వేళ పక్క మండలంలో సమావేశంలో ఉన్నాను. ఒక్క చూపు చూచి, “తామర పురుగు, ఫలానా మందు కొట్టు” అని చెప్పి ఫోను జేబులో పెట్టుకున్నాను. ఆయన నమ్మి కొట్టాడు. తగ్గలేదు. మళ్లీ కొట్టాడు. ఇరవై రోజుల తరువాత నేను చేనుకు పోతే నన్ను తిట్టలేదు. మొక్కను చూపించి ఇంతే అన్నాడు:

“సారూ, నువ్వు చెప్పిన మందే రెండు మార్లు కొట్టిన. ముడత ఇడుస్తలేదు. ఏం జెయ్యాలె?”

వంగి చూచాను. ఆకులు అడుగువైపుకు, పడవను బోర్లించినట్లు ముడుచుకున్నవి. కాడలు సన్నగా సాగి ఎలుక తోకల వలె వేలాడుతున్నవి. అది తామర పురుగు కాదు. తెల్లనల్లి! మిరపలో పై ముడత తామర పురుగు వలన, కింది ముడత నల్లి వలన వస్తుందని మా పాఠంలో మొదటి పేజీలోనే చెప్పారు. అది నాకు తెలియక కాదు. ఆయన ఆకును తుంచి అరచేతిలో పెట్టాడు. తుంచిన ఆకుకు పై ఏదో, కింద ఏదో ఆ మసక ఫొటోలో ఎట్లా తెలుస్తుంది? నేను అడగవలసింది. “అన్నా, తుంచకుండ మొక్క మీదనే ఇంకొకటి తియ్యి” అనవలసింది. అనలేదు. తామర పురుగుకు చెప్పిన ఆ మందు నల్లిని ఏమీ చేయలేదు. రెండు కొట్టుళ్ల ఖర్చు, కూలి, అన్నిటికన్న విలువైన ఇరవై రోజుల కాపు పోయినవి.

ఇరవై రోజులేగా అనుకోవడానికి ఈ జిల్లాలో వీలు లేదు. 1997-98లో పత్తి చేల మీద లద్దెపురుగు, శనగపచ్చ పురుగు విరుచుకుపడినప్పుడు, కొట్టిన మందు పని చేయక, అప్పు తీరక, ఈ వరంగల్ పల్లెలలో ఎన్ని ఇళ్లు పెద్దదిక్కును పోగొట్టుకున్నవో పెద్దలకు గుర్తే. వాన లేకపోవడం, నకిలీ మందులు, గిట్టని ధర, వడ్డీ, ఇట్లా కారణాలు అనేకం. వాటన్నిటినీ ఫొటో తీర్చలేదు. కాని ఏ పురుగో తెలియకుండ మందు మీద మందు కొట్టే ఖర్చును మాత్రం మనం చేతులారా ఆపుకోవచ్చును.

మరి గుర్తుపట్టడం ఎట్లా? లోకంలో శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన కీటక జాతులే సుమారు పది లక్షలు. అవన్నీ మనకు అక్కరలేదు. మన పంటకు ముఖ్యంగా హాని చేసేవి పదో, పదిహేనో. మేలు చేసేవి మరో పది. ఇంతమంది పెళ్లిలోనూ మన బంధువులను మనం పోల్చుకోవడం లేదా? నడకను బట్టి, మొగాన్ని బట్టి, కూర్చున్న చోటును బట్టి పోల్చుకుంటాము. ఇక్కడా అదే పద్ధతి.

మొదట కాళ్లు లెక్కపెట్టండి. ఆరా, ఎనిమిదా? పిల్ల నల్లికి మాత్రం ఆరే ఉంటాయి గనుక పెద్దదానిని చూడాలి. రెండవది రెక్కలు. తామర పురుగు రెక్కలకు అంచున పక్షి ఈకకు ఉన్నట్లు కుచ్చు ఉంటుంది. ఈగకు రెక్కలు రెండు, తేనెటీగకు నాలుగు. పూల దగ్గర గాలిలో నిలిచి తేనెటీగ వలె కనిపించే ఒక చారల ఈగ ఉన్నది. దాని పిల్ల పురుగు పేనుబంకను తింటుంది. మూడవది నడక. పత్తి ఆకు అడుగున పచ్చదోమ పిల్లలను కదిలిస్తే ఎండ్రకాయ వలె అడ్డంగా నడుస్తవి. ఫొటోలో నడక పడదు గనుక అటువంటి వాటికి నాలుగు క్షణాల వీడియో తీయండి. నాలుగవది, అది ఉన్న చోటు. ఆకు పైనా, అడుగునా, పువ్వులోనా, కాయలోనా, సుడిలోనా?

చోటు ఎంత ముఖ్యమో 2021 మనకు నేర్పింది. ఆ ఏడు వానాకాలపు మిరప మీద కొత్త తామర పురుగు వచ్చి పడింది. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం మొదలుకొని గుంటూరు దాకా తోటలు దెబ్బతిన్నవి. కొందరు పూత మీది పంటను దున్నేశారు. మనకు అలవాటైన పాత తామర పురుగు లేత పసుపు రంగులో ఉండి, లేతాకుల అడుగున ఉంటుంది. ఈ కొత్తది నలుపు. పూలలో గుంపులుగా చేరి, పూతను రాల్చి, కాయను వంకర చేస్తుంది. ఆగ్నేయాసియా దేశాల నుంచి వచ్చిన దీని పేరు థ్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో 2015లోనే బెంగుళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించినట్లు శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. అంటే అది ఆరేళ్ల ముందే గడపలోకి వచ్చింది. మిరప పూలు విప్పి, తెల్లకాగితం మీద దులిపి చూచినవారు ఆ నల్లని నలుసులను పట్టుకున్నారు. ఆకులు మాత్రమే చూచినవారు పాత పురుగే అనుకుని పాత మందులే కొడుతూ పోయారు.

మొక్కజొన్నలో కత్తెర పురుగు కథ కూడ ఇటువంటిదే. అమెరికా ఖండంలో పుట్టినది. 2016లో ఆఫ్రికాలో, 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర కనిపించి, ఆ ఏడే మన మొక్కజొన్న చేలకూ వచ్చింది. దానిని పోల్చడానికి ప్రయోగశాల అక్కరలేదు. తల ముందు భాగాన తలకిందులు చేసిన ఇంగ్లీషు ‘వై’ అక్షరం వలె తెల్లని గీత, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్లని చుక్కలు ఉంటవి. ఆ రెండూ స్పష్టంగా పడిన ఫొటో నాకు పంపితే నేను ఇంట్లో కూర్చునే చెప్పగలను. కాని చాలామంది పురుగు నడుము మాత్రమే ఫొటో తీసి పంపుతారు. నడుము చూస్తే అన్ని లద్దెపురుగులూ ఒకటే.

ఇప్పుడు ఫొటో తీసే పద్ధతి చెబుతాను. కాగితం మీద రాసుకున్నా మంచిదే.

పొద్దున్నే పోండి. చల్లని పూట పురుగులు మందకొడిగా ఉంటవి, గాలి తక్కువ, వెలుతురు మెత్తగా ఉంటుంది. నడిమధ్యాహ్నపు ఎండలో ఆకు తళతళ మెరిసి పురుగు కనిపించదు. ముందుగా ఫోను అద్దాన్ని మెత్తని బట్టతో తుడవండి. మన చేతుల చెమట, మట్టి, నూనె అంతా దాని మీదే ఉంటుంది. పంపిన ఫొటోలలో సగం మసకకు అదే కారణం.

పురుగుకు మరీ దగ్గరగా పోకండి. ఫోనును ముక్కుకు ఆనించినట్లు పెడితే దానికి చూపు ఆనదు. జానెడు దూరాన ఉంచి, తెర మీద పురుగు ఉన్నచోట వేలితో తాకితే బొమ్మ తేటపడుతుంది. తరువాత పెద్దది చేసి చూసుకోవచ్చు. మోచేతులను పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి తీయండి. గాలికి ఆకు ఊగుతుంటే కాడను రెండో చేత్తో మెల్లగా పట్టుకోండి. చిన్న పురుగుల కోసం ఫోనుకు తగిలించే భూతద్దాలు దొరుకుతున్నవి. ఊరికి ఒకటి ఉన్నా చాలు. అది లేకుంటే తామర పురుగు చుక్కగా కనిపిస్తుంది. తెల్లనల్లి అసలే కనిపించదు. నల్లికి మాత్రం ఫొటో కన్న ముడత గుర్తే సాక్ష్యం.

ఒక్క ఫొటో చాలదు. నాలుగు కావాలి. మొదటిది, చేను మొత్తం దూరం నుంచి. తెగులు చేనంతా ఉన్నదా, గట్టు వెంబడే ఉన్నదా, మధ్యలో మచ్చలుగా ఉన్నదా దీనితో తెలుస్తుంది. రెండవది, ఒక మొక్క నిలువునా. మూడవది, దెబ్బతిన్న ఆకు గాని పువ్వు గాని కాయ గాని, తుంచకుండ మొక్క మీదనే. నాలుగవది, పురుగు. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, తల తేటగా పడేట్టు ఒకటి. అప్పుడు తుంచి తెల్లకాగితం మీద పెట్టి, పక్కన రూపాయి బిళ్ల గాని పిల్లల స్కేలు గాని ఉంచి మరొకటి తీయండి. రూపాయి బిళ్ల లేనిదే అది చీమంత ఉన్నదో, చిటికెన వేలంత ఉన్నదో చూసేవాడికి ఎట్లా తెలియాలి?

పత్తిలో గులాబీ రంగు పురుగు పైకి కనిపించదు. విచ్చుకోకుండ గులాబీ మొగ్గ వలె ముడుచుకున్న గుడ్డిపూలను ఫొటో తీయండి. కాయను కోసి లోపల తీయండి. పురుగు దొరకకపోయినా దాని పని దొరుకుతుంది. దొంగ దొరకనప్పుడు కన్నం చూచి చెప్పినట్లే ఇదీ.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ తేట తగ్గుతుంది. ‘డాక్యుమెంటు’గా పంపితే ఉన్నది ఉన్నట్లు చేరుతుంది. మీ ఇంట్లో చదువుకునే పిల్లలను అడిగితే చూపిస్తారు. ఫొటోతో పాటు నాలుగు మాటలు రాయండి లేదా గొంతుతో చెప్పి పంపండి: ఏ పంట, ఏ రకం, వేసి ఎన్ని రోజులు, ఇదివరకు ఏ మందు ఎప్పుడు కొట్టారు. చేనులో ఐదు చోట్ల నాలుగేసి మొక్కల చొప్పున ఇరవై మొక్కలు చూడండి. ఎన్నిటికి తెగులున్నదో అదీ చెప్పండి. ఇరవైలో ఒకటికి ఉండడం వేరు, పదిహేనింటికి ఉండడం వేరు.

ఒక హెచ్చరిక. మందు కొట్టిన చేనులోకి వెంటనే ఫొటోలకు పోవద్దు. గొంగళి పురుగును చేత్తో పట్టుకోవద్దు, దద్దుర్లు లేస్తవి. కంది పూల మీద నలుపు, నారింజ పట్టీలతో కనిపించే పెంకు పురుగును నలిపితే దాని రసానికి చర్మం బొబ్బలెక్కుతుంది. పుల్లతో కదిలించండి చాలు.

ఇంతసేపూ శత్రువుల మాటే అయినది. మిత్రుల మాట చెప్పకుంటే ఈ ప్రసంగం సగమే. ఒక ఏడు బొబ్బెర చేనులో ఒక అవ్వ నన్ను ఆపి, “గిదేం పురుగు బిడ్డా, మొసలి పిల్ల లెక్కున్నది, చేనంత పాకింది, మందు చెప్పు” అన్నది. చూస్తే, నల్లని ఒంటి మీద నారింజ మచ్చలు, ఆరు కాళ్లు, మొసలి వలె కొనతేలిన తోక. అది అక్షింతల పురుగు పిల్ల. పెద్దదానిని అందరూ పోలుస్తారు. ఎర్రగా, గుండ్రంగా, చుక్కలతో ముచ్చటగా ఉంటుంది. పిల్లకు ఆ అందం లేదు గనుక దానిని పురుగు కింద జమకట్టి చంపుతాము. నేను భూతద్దం తగిలించి, ఆ పిల్ల పేనుబంకను నోట పట్టి నములుతుండగా వీడియో తీసి అవ్వకు చూపించాను. రెండు మూడు మార్లు చూచింది. “అయితే ఇది మన కూలోడే గద” అన్నది. ఆ చేనుకు ఆ వారం మందు కొట్టలేదు. ఒక్కొక్క పిల్ల ఎదిగేలోగా వందలకొద్దీ పేలను తింటుంది. ఆ కూలివాడు పైసా అడగడు.

అయితే ఇక్కడొక చిక్కున్నది. వంగతోటలో ఆకును జల్లెడ వలె గీకి తినే ఒక పెంకు పురుగును కూడ మనవాళ్లు అక్షింతల పురుగే అంటారు. రెండూ ఒకే కుటుంబం, రెంటికీ చుక్కలే. తేడా చూడండి. మేలు చేసేది అద్దం వలె నున్నగా మెరుస్తుంది. వంగను తినేది మెరవదు; ఒంటి మీద సన్నని నూగు ఉంటుంది. అందులో 28 చుక్కల జాతి కూడ ఉన్నది. దీని పిల్ల పసుపుపచ్చగా, ఒంటినిండా కొమ్మల వంటి ముళ్లతో ఉంటుంది. ‘అక్షింతల పురుగు వచ్చింది’ అని ఫోనులో చెబితే చంపమని చెప్పాలో, కాపాడమని చెప్పాలో నాకు తెలియదు. పేరు ఒక్కటే చాలదు, ఫొటో కావాలి.

మరి కొన్ని మిత్రులను గుర్తుపెట్టుకోండి. ఆకు మీద సన్నని తెల్లదారం కొసన గింజ వలె నిలబడిన గుడ్లు కనిపిస్తే బూజు అనుకోకండి; అవి అల్లిక రెక్కల పురుగు గుడ్లు. పేనుబంక గుంపులో కొన్ని ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి, వీపున గుండ్రని రంధ్రంతో కనిపిస్తే అవి చచ్చిన పేలు. వాటి కడుపులో ఒక చిన్న కందిరీగ పెరిగి బయటికి పోయింది. అవి ఎక్కువగా ఉన్న చేనులో మందు జోలికి పోకుండ నాలుగు రోజులు ఆగి చూడవచ్చును. సాలీళ్లు, తూనీగలు, గొల్లభామలు సరేసరి.

ఫొటోతో తేలనప్పుడు పురుగును పెంచి చూడండి. నేను పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు పురుగులను సూదికి గుచ్చి, కలరా ఉండలు వేసిన పెట్టెలో పెట్టి మార్కులు తెచ్చుకున్నాను. చచ్చిన పురుగు పేరు నేర్పింది గాని దాని బతుకు నేర్పలేదు. వెడల్పు మూతి గాజు సీసాలో అడుగున రెండంగుళాల మట్టి పోసి, అది తినే ఆకే రోజూ కొత్తది వేసి, మూతికి పలుచని బట్ట కట్టండి. రోజుకొక ఫొటో తీయండి. కొన్నాళ్లకు రెక్కల పురుగు వస్తుంది, లేదా దానిని లోపల తిన్న కందిరీగ వస్తుంది. ఏది వచ్చినా మీకు పాఠమే.

ఫ్రాన్సు దేశంలో జాన్ హెన్రీ ఫాబ్రే అనే ఆయన 1823 నుంచి 1915 వరకు జీవించాడు. బడిపంతులుగా బతికినవాడు. పేరుకుప్పలు పోయకుండ, బతికి ఉన్న పురుగుల వెంట ఎండలో కూర్చుని, చూసినది చూసినట్లు పది సంపుటాలు రాశాడు. మన దక్షిణ దేశపు పురుగుల మీద ఫ్లెచర్ అనే శాస్త్రజ్ఞుడు రాసిన పెద్ద పుస్తకం 1914లో మద్రాసులో అచ్చయింది. ఆ రోజులలో ఒక్కొక్క పురుగు బొమ్మను చిత్రకారులు చేత్తో గీయవలసి వచ్చేది. ఆ పని ఇప్పుడు మీ వేలి కొసన ఉన్నది. కావలసింది ఓపిక ఒక్కటే.

పిల్లలను కూడ ఈ పనిలో కలుపుకోండి. వానాకాలం చీకటి రాత్రి, ఇంటి ముందర దండెం మీద తెల్లని దుప్పటి ఆరవేసి, దాని ముందు ఒక బల్బు పెట్టండి. అరగంటలో పెంకు పురుగులు, రెక్కల పురుగులు వచ్చి వాలుతవి. ఫొటోలు తీసి, తేదీ వేసి, దీపం ఆర్పితే అవి వాటి దారిన పోతవి. ఇది ఆట మాత్రమే కాదు. తొలకరి వానలకు భూమిలోంచి లేచే ఎర్ర గొంగళి రెక్కల పురుగులు దీపానికి వస్తవి. అవి కనిపించిన తేదీ తెలిస్తే ఆముదం, వేరుశెనగ చేలలో గుడ్లు ఎప్పుడు పెడతవో ముందే తెలుస్తుంది. తెలంగాణ మెట్ట పల్లెలలో 1990ల నాటికే రైతులు గట్ల మీద మంటలు వేసి, దీపాలు పెట్టి వాటిని పట్టారు. పాత వరంగల్ జిల్లా, ఇప్పటి జనగామ జిల్లాలోని ఏనెబావి రైతులు 2000 సంవత్సరం తరువాతి ఏళ్లలో పురుగుమందులు పూర్తిగా మానగలిగారంటే, పురుగు ఏ దశలో బలహీనమో తెలుసుకోవడం కూడ అందుకొక కారణం.

ఇక పేరు ఎవరినడగాలి? మొదట మీ రైతు వేదికలో ఉండే విస్తరణ అధికారిని. ఆయనకు తెలియకుంటే వరంగల్‌లోని వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నది, కృషి విజ్ఞాన కేంద్రాలున్నవి. కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కు పైసా ఖర్చు లేకుండ తెలుగులోనే మాట్లాడవచ్చును. 2024 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వం జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థ అనే ఫోను సాధనాన్ని ప్రారంభించింది; ఫొటో పెడితే యంత్రమే పోల్చి చెబుతుంది. అన్ని దేశాల ఔత్సాహికులు ఫొటోలు పెట్టుకుని పేర్లు తేల్చుకునే ఐనాచురలిస్ట్ వంటివి 2008 నుంచీ ఉన్నవి. వాడుకోండి. కాని యంత్రం చెప్పిన పేరును పెళ్లిచూపుల మాటగా తీసుకోండి, లగ్నపత్రికగా తీసుకోవద్దు. ఆ పేరుకు చెప్పిన గుర్తులు మీ పురుగుకు ఉన్నవో లేవో మీ కంటితో సరిచూసుకున్న తరువాతనే మందు మాట.

విస్తరణ మిత్రులకు ఒక మాట. మనలో ఒక్కొక్కరి కింద వేల ఎకరాలున్నవి. ఫోను రోజంతా మోగుతుంది. అయినా మసక ఫొటోకు జవాబు చెప్పకండి. “తెలియలేదు, ఇంకొకటి తియ్యి” అనడంలో చిన్నతనం లేదు. తెలిసినట్లు చెప్పి నేను ఒక రైతు ఇరవై రోజులు తిన్నాను. నాటి నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. ప్రతి ఫొటోకూ తేదీ, ఊరు, పంట, నేను చెప్పిన పేరు, తరువాత తేలిన అసలు పేరు, ఐదు గడులు. చివరి రెండు గడులూ కలవని చోట ఎర్రసిరాతో గీత గీస్తాను. మొదటి ఏడు ఎర్రగీతలు చాలా పడినవి. ఇప్పుడు తక్కువ. పూర్తిగా మాత్రం ఆగలేదు.

ఆ నర్సంపేట రైతు సంగతి చెప్పి ముగిస్తాను. మొన్న పంటకాలంలో ఆయన దగ్గరి నుంచి నాలుగు ఫొటోలు వచ్చినవి. చేను, మొక్క, మొక్క మీద ఆకు, పక్కన రూపాయి బిళ్ల. నేను చూచి ఏదో చెప్పబోయేలోగా ఆయనే ఫోను చేశాడు.

“సారూ, ఆగు. ఈసారి నువ్వు చెప్పకు, నేను చెప్త. ఆకు మీదికి ముడ్సుకున్నది. కాడ సాగలే. పువ్వు దులిపితే నల్లయి రాలలే. అడుగున పసుపుపచ్చయి ఉన్నయి. పాత తామర పురుగే. ఇరవై చెట్లల్ల రెంటికే ఉన్నది. జెర ఆగి చూద్దునా?”

మరునాడు పోయి భూతద్దంతో చూచాను. ఆయన చెప్పినదే నిజం. నోటుబుక్కులో ఆ రోజు పేరు చెప్పినవారి గడిలో నా పేరు బదులు ఆయన పేరు రాశాను.

మందు డబ్బా మూత తీసే ముందు ఒక్కసారి మొక్క దగ్గర వంగండి. కాళ్లు లెక్కపెట్టండి. నాలుగు ఫొటోలు తీయండి. పేరు తెలిసిన తరువాతనే మందు సంగతి ఆలోచించండి.